రాత్రిపూట రేడియో టవర్ లైట్లు: ఎలా చూడాలి, ఆరిపోతే ఏం చేయాలి

ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే ఐదు నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. పాట మధ్యలో ఆగిందేమిటని వినేవాళ్లు అడుగుతారు, పైఅధికారులు అడుగుతారు, ప్రకటనలు ఇచ్చినవాళ్లు అడుగుతారు. అదే టవర్ కొసన ఉన్న ఎర్ర లైటు ఆరిపోతే ఎవరూ ఫోన్ చేయరు. ఆ లైటు ఎవరికోసం పెట్టామో ఆ మనిషి పైన చీకట్లో గంటకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటాడు. ఇక్కడొక టవర్ ఉందని రాత్రిపూట అతని కంటికి చెప్పేది ఆ లైటే, అది ఆరిపోయిందన్న సంగతి అతనికి తెలిసే అవకాశమే లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ట్రాన్స్‌మిటర్ స్టేషన్‌లో కొత్తగా రాత్రి డ్యూటీలో చేరినవాళ్లకు, టవర్ మెయింటెనెన్స్ చేతికి వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది. నేను చెప్పేదంతా ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది: ప్యానెల్ మీద పచ్చ లైటు చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టకండి, బయటికి వెళ్లి మీ కళ్లతో చూడండి.

ముందుగా మీ టవర్ మీద ఏమేం ఉండాలో కాగితం మీద పెట్టుకోండి

ఏ లైటు లేదో తెలియాలంటే ఏవేం ఉండాలో ముందు తెలియాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లను అడిగినా 'పైన ఒకటి, మధ్యలో కొన్ని' అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. ఒక తెల్లకాగితం మీద టవర్ బొమ్మ గీయండి, కొస నుంచి కింది దాకా ఒక్కో ఎత్తులో ఎన్ని లైట్లు ఉన్నాయో, ఏ రంగో, వెలిగి ఆరేవో నిలకడగా వెలిగేవో, ఏది టవర్ ఏ కాలు మీద ఉందో రాసుకోండి. ఆ కాగితాన్ని తలుపు పక్కన గోడకు అంటించండి.

బొమ్మ గీసేటప్పుడు ఈ లెక్కలు ఉపయోగపడతాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, తన 14వ అనెక్స్‌లో ఈ లైట్లను మూడు రకాలుగా విడదీసింది. తక్కువ తీవ్రత లైట్లు నిలకడగా వెలిగే ఎర్ర లైట్లు, ఇందులో ఏ రకం 10 కాండెలాలు (కాండెలా అంటే కాంతి తీవ్రతకి కొలత), బి రకం 32 కాండెలాలు. స్థూలంగా 45 మీటర్ల లోపు కట్టడాలకు ఇవి సరిపోతాయి. 45 నుంచి 150 మీటర్ల దాకా మధ్యస్థ తీవ్రత లైట్లు వస్తాయి: ఏ రకం తెల్లగా మెరిసేది, పగలు 20,000 కాండెలాలు, రాత్రి 2,000. బి రకం ఎర్రగా వెలిగి ఆరేది, 2,000 కాండెలాలు. సి రకం అంతే తీవ్రతతో నిలకడగా ఉండే ఎరుపు. 150 మీటర్లు దాటి, పగలు కూడా లైటు ఉండి తీరాలని తేలిన టవర్లకు అధిక తీవ్రత తెల్ల ఫ్లాష్ పెడతారు. అది పగలు 2,00,000 కాండెలాలు, సంధ్యవేళ 20,000, రాత్రి 2,000.

ఆ చివరి వరస మరోసారి చూడండి. పగటికీ రాత్రికీ మధ్య వంద రెట్లు తేడా ఉంది. రాత్రి పడ్డాక కూడా ఆ లైటు పగటి తీవ్రతలోనే ఉండిపోతే పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నిద్ర ఉండదు. కాబట్టి తెల్ల ఫ్లాష్ ఉన్న టవర్ కాగితంలో 'ఉందా, లేదా' అని రాస్తే చాలదు, ఏ వేళకు ఏ తీవ్రతలో ఉండాలో కూడా రాయండి.

ఎత్తైన టవర్లకు కొసన ఒక్క లైటు సరిపోదు. మధ్యమధ్యలో కూడా ఉండాలి, ఎందుకంటే కొస మీద మాత్రమే లైటుంటే దాని కింద వంద మీటర్ల ఇనుము ఉందో నాలుగు వందల మీటర్లు ఉందో పైలట్‌కి తెలియదు. ఐకావో పద్ధతిలో ఎర్ర ఫ్లాష్ పెట్టిన టవర్‌కి మధ్యలో లైట్ల వరసలు 52 మీటర్లకు మించని ఎడంతో ఉండాలి, తెల్ల ఫ్లాష్ అయితే ఆ ఎడం 105 మీటర్ల దాకా ఉండవచ్చు. ఎర్ర పద్ధతిలో ఒక వరస వెలిగి ఆరేవి, తర్వాతి వరస నిలకడగా వెలిగేవి, ఇలా మార్చి మార్చి వస్తాయి. దేశాన్ని బట్టి అంకెలు కొద్దిగా మారతాయి. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సాధారణంగా నేల నుంచి 200 అడుగులు, అంటే సుమారు 61 మీటర్లు దాటిన కట్టడాలకు లైట్లు అడుగుతుంది. మీ టవర్‌కి ఇచ్చిన అనుమతి పత్రంలో ఏముందో అదే మీకు చట్టం, దాని నకలు ఒకటి ఆ బొమ్మ పక్కనే పెట్టండి.

ఎక్కడ నిలబడి చూడాలి

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. టవర్ మొదట్లో నిలబడి మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తే సరైన బొమ్మ కనిపించదు. ఈ లైట్ల వెలుగు గుండ్రంగా నాలుగు వైపులా వెళ్లేలా చేస్తారు గానీ కిందికి, పైకి మాత్రం చాలా సన్నగా, కొన్ని డిగ్రీల మందంలోనే వెళ్తుంది. వెలుగు విమానం వచ్చే వైపు, అంటే అడ్డంగా, దిగంతం వైపు పోవాలి కదా. అందుకే కింది నుంచి చూస్తే బాగున్న ఎల్‌ఈడీ బీకన్ (టవర్ మీది హెచ్చరిక లైటు) కూడా మసకగా ఉంటుంది, సగం చచ్చిన బీకన్ కూడా దాదాపు అలాగే ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. 150 మీటర్ల టవర్ కొసను 10 డిగ్రీల కోణంలో చూడాలంటే మీరు దాదాపు 850 మీటర్ల దూరంలో ఉండాలి. రోజూ అంత దూరం వెళ్లలేరు, నిజమే. రోజూ చేసే చూపుకి కనీసం టవర్ ఎత్తంత దూరం జరిగి నిలబడండి, వారానికి ఒకసారి మాత్రం డ్యూటీకి వస్తూనో దిగి వెళ్తూనో ఒక కిలోమీటరు దూరంలో ఆగి చూడండి. దారిలో ఎక్కడి నుంచి కొస దాకా టవర్ అంతా కనిపిస్తుందో ఒకసారి చూసిపెట్టుకుంటే ఆ చోటే అలవాటైపోతుంది. బైనాక్యులర్ ఉంటే మంచిది, చిన్నదైనా చాలు.

ఇంకొకటి: ఒక్క వైపు నుంచి చూసి వదిలేయకండి. ఒకే ఎత్తులో రెండు మూడు లైట్లు వేర్వేరు కాళ్ల మీద పెట్టేది ఏ దిక్కు నుంచి వచ్చినా కనీసం ఒకటి కనపడాలని. మూడు కాళ్ల టవర్‌లో మీరు నిలబడ్డ వైపు నుంచి ఒక లైటు ఇనుము వెనక దాక్కునే ఉంటుంది. కనీసం రెండు వైపుల నుంచి, వీలైతే మూడు వైపుల నుంచి చూడండి.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ కిటికీలోంచి టవర్ కొస బాగా కనిపించేది. రాత్రి పదింటికి, రెండింటికి కిటికీలోంచి చూసి 'లైట్లు సరిగా ఉన్నాయి' అని రాసేవాళ్లం, నేను కూడా అలాగే రాశాను. కొన్నాళ్లకు ఒక సహోద్యోగి పని మీద వేరే దారిలో, టవర్ వెనక వైపు నుంచి వచ్చాడు. లోపలికి వస్తూనే 'పైన లైటు ఎప్పటి నుంచి లేదు?' అన్నాడు. ఉందే అన్నాం. బయటికి తీసుకెళ్లి చుట్టూ తిప్పి చూపించాడు. ఎల్‌ఈడీ బీకన్‌లో మా వైపు ముక్క చక్కగా వెలుగుతోంది, వెనక వైపు ముక్క పూర్తిగా నల్లగా ఉంది. ఎన్ని రాత్రుల నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. లాగ్‌బుక్‌లో మాత్రం ప్రతి రాత్రీ అంతా సవ్యంగానే ఉంది, కింద మా సంతకాలు ఉన్నాయి. ఆ పేజీలు తిప్పుతుంటే కడుపులో తిప్పినట్టయింది. ఆ తర్వాత ఎప్పుడూ కిటికీలోంచి చూసి రాయలేదు.

వాచీ పెట్టి లెక్కపెట్టండి

వెలుగుతోందా లేదా అన్నది సగం పనే. వెలిగి ఆరే లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో కూడా లెక్కపెట్టాలి. ఐకావో ప్రకారం మధ్యస్థ తీవ్రత ఫ్లాష్‌లు నిమిషానికి 20 నుంచి 60, అధిక తీవ్రతవి 40 నుంచి 60. మీ టవర్ లైటుకి తయారీదారు ఇచ్చిన అంకె ఏదో కాగితం మీద ఉంటుంది. వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, ఒక్క ఫ్లాష్ అటూ ఇటూ అయినా నాలుగు తేడా వస్తుంది. 30 ఉండాల్సిన చోట 26 వస్తే కంట్రోలర్‌లో ఏదో మొదలైందన్నమాట, ఇంకా పూర్తిగా పాడవలేదు అంతే.

లెక్కతో పాటు మూడు విషయాలు చూడండి. అన్ని ఎత్తుల్లో వెలిగి ఆరేవి ఒకేసారి వెలుగుతున్నాయా? ఒకటి ముందు, ఒకటి వెనక పడితే సింక్ పోయింది. వెలిగే, ఆరే మధ్య తేడా స్పష్టంగా ఉందా? పాత ఫిలమెంట్ బల్బులు మెల్లగా రాజుకుని మెల్లగా చల్లారేవి, అది వాటి స్వభావం. ఎల్‌ఈడీ మాత్రం కత్తితో కోసినట్టు వెలిగి ఆరిపోవాలి, అది వణుకుతున్నా తోకలాగా వెలుగు మిగులుతున్నా దానికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ మీద అనుమానం పెట్టుకోండి. ఫ్లాష్ అవ్వాల్సింది నిలకడగా వెలుగుతూ ఉండిపోయిందా? ఇది చాలామంది తప్పుగా అనుకోరు, 'వెలుగుతోంది కదా' అంటారు. ఎర్రగా నిలకడగా ఉండే లైటు రాత్రి ఊరి దీపాల్లో కలిసిపోతుంది, మెరిసేదయితే చూపుని లాగుతుంది. ఫ్లాష్ ఆగిపోవడం కూడా లైటు పాడైనట్టే రాయండి.

పగలు తెలుపు, రాత్రి ఎరుపు ఉండే జంట పద్ధతి టవర్లలో ఇంకో గుర్తు ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం అన్నిటికన్నా పైనున్న ఎర్ర లైటు పోతే సిస్టమ్ తనంతట తానే రాత్రి తీవ్రతలో తెల్ల ఫ్లాష్‌కి మారాలి. అలాంటి టవర్ రాత్రిపూట తెల్లగా మెరుస్తుంటే అది బాగున్నట్టు కాదు, పైన ఎరుపు పోయిందని అది మీకు చెబుతోంది.

పొగమంచో, కిందికి దిగిన మేఘమో ఉన్న రాత్రి కొస కనిపించదు. మేఘం లోపల ఎర్రగా వెలుగు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, అది ఏ లైటుదో చెప్పలేరు. అలాంటప్పుడు 'సరిగా ఉంది' అని రాయకండి. 'మేఘం వల్ల పైవరస కనిపించలేదు' అని రాసి టైమ్ వేయండి, మబ్బు విడవగానే మళ్లీ చూడండి.

ఫోటోసెల్: సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి

లైట్లు ఎప్పుడు వెలగాలో నిర్ణయించేది ఫోటోసెల్. ఉత్తరార్ధగోళంలో దాన్ని ఉత్తర దిక్కుకి తిప్పి పెడతారు, ఎండ నేరుగా పడకుండా ఆకాశపు వెలుగుని మాత్రమే కొలవాలని. అమెరికా ప్రమాణంలో ఉత్తరపు వెలుగు 35 ఫుట్‌క్యాండిల్స్, అంటే దాదాపు 377 లక్స్‌కు పడిపోయేసరికి ఎర్ర లైట్లు వెలగాలి, తిరిగి 60 ఫుట్‌క్యాండిల్స్ దాటే లోపు ఆరకూడదు. కంటికి ఇంకా బాగానే వెలుతురున్నట్టు అనిపిస్తుండగానే లైట్లు వెలగాలన్నమాట. బాగా చీకటి పడ్డాక వెలుగుతున్నాయంటే ఫోటోసెల్ అద్దం మీద దుమ్ము పేరుకుందా, పక్కనున్న దీపం ఏదైనా దాని మీద పడుతోందా చూడండి. ఆవరణలో కొత్తగా పెట్టిన ఫ్లడ్‌లైట్ ఒకటి ఫోటోసెల్‌ని రాత్రంతా పగలని నమ్మించగలదు.

పరీక్షించడం సులువు. పగలు ఫోటోసెల్ మీద నల్లటి గుడ్డ కప్పండి, వెలుగు వెళ్లే సందు లేకుండా. చాలా కంట్రోలర్లలో కావాలనే కొంత ఆలస్యం పెడతారు, కాబట్టి వెంటనే వెలగలేదని కంగారు పడకుండా మాన్యువల్‌లో ఉన్న టైమ్ దాకా ఆగండి. ఒక సంగతి తప్పకుండా చూడండి: ఫోటోసెల్ వైరు ఊడిపోతే ఎర్ర లైట్లు వెలిగే ఉండాలి, ఆరిపోకూడదు. పగలు అనవసరంగా వెలిగిన లైటు వల్ల కొంచెం కరెంటు పోతుంది, అంతకు మించి నష్టం లేదు.

ప్యానెల్‌ని ఎంతవరకు నమ్మాలి

అలారం ప్యానెల్ ఉండాలి, పనిచేయాలి, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. మనుషులు లేని స్టేషన్లలో అదే దిక్కు. అయితే చాలా పాత ప్యానెళ్లు చూసేది లైటుని కాదు, లైటుకి వెళ్లే కరెంటుని. ఫిలమెంట్ బీకన్‌లో ఒక్కోటి 600 వాట్లకు పైబడిన బల్బులు రెండు ఉండేవి, ఒకటి మాడితే కరెంటు సగం పడిపోయి అలారం కొట్టేది. అదే ప్యానెల్ ఉంచేసి పైన ఎల్‌ఈడీ బిగిస్తే మొత్తం కరెంటే చాలా తక్కువ, అందులో ఒక ముక్క పోతే వచ్చే తేడా పాత సెన్సర్‌కి ఆనదు. మా స్టేషన్‌లో జరిగింది సరిగ్గా అదే. లైట్లు మార్చారు, అలారం సెట్టింగ్ మార్చలేదు.

కాబట్టి లైటు మార్చిన ప్రతిసారీ అలారం కూడా కొత్తగా సెట్ చేయాలి, ఆపైన నిజంగా ఒక లైటు వైరు తీసి అలారం మోగుతుందో లేదో వినాలి. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం టవర్ లైట్లను 24 గంటల్లో కనీసం ఒకసారి కంటితో గానీ ఆటోమేటిక్ సూచికతో గానీ చూడాలి, లేదంటే సరిగా పనిచేసే ఆటోమేటిక్ అలారం ఉండాలి. ఆ అలారం పరికరాలను మూడు నెలలకు మించకుండా తనిఖీ చేయాలి. మీ దేశంలో నియమం ఎలా ఉన్నా ఈ రెండు అలవాట్లూ పెట్టుకోదగ్గవే.

లైటు ఆరిపోయింది. మొదటి అరగంట

టెన్షన్ పడకండి, ముందు టైమ్ రాయండి. ఏ ఎత్తులో ఏ లైటు, పూర్తిగా పోయిందా, ఫ్లాష్ ఆగిందా, ఏ వైపు నుంచి చూశారు. తర్వాత బ్రేకర్ ట్రిప్ అయిందేమో చూడండి. అయితే ఒక్కసారి మాత్రమే రీసెట్ చేయండి. మళ్లీ ట్రిప్ అయితే అక్కడితో వదిలేయండి, పదేపదే కొడితే పైన తడిసిన జంక్షన్ బాక్స్ కాస్తా కాలిన జంక్షన్ బాక్స్ అవుతుంది. కంట్రోలర్‌లో బైపాస్ స్విచ్ ఉంటే ఫోటోసెల్‌ని పక్కన పెట్టి లైట్లు నేరుగా వేసి చూడండి. ఇంతే. అరగంటలో కిందనుంచి అయ్యే పని ఇంతకన్నా ఎక్కువ ఉండదు.

అవ్వలేదా, వెంటనే విమానయాన అధికారులకు చెప్పాలి. ఎఫ్‌సీసీ నిబంధన కూడా ఇదే చెబుతుంది: కొసనున్న నిలకడ లైటు గానీ, ఏ ఎత్తులోనిదైనా ఫ్లాష్ లైటు గానీ పాడై 30 నిమిషాల్లో బాగవకపోతే వెంటనే తెలియజేయాలి. వాళ్లు నోటామ్ జారీ చేస్తారు. నోటామ్ అంటే ఫలానా చోట ఫలానా టవర్ లైటు లేదని పైలట్లందరికీ వెళ్లే నోటీసు. మీ లైటు చేయలేని పనిని అప్పటిదాకా ఆ నోటీసు చేస్తుంది.

ఫోన్ చేసే ముందు ఇవన్నీ ఒక చోట ఉండాలి, రాత్రి రెండింటికి వెతుక్కోవడం కష్టం: టవర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటే అది, అక్షాంశం రేఖాంశం, నేల నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి ఎత్తు, దగ్గరి విమానాశ్రయం నుంచి ఎంత దూరం ఏ దిక్కు, ఏ లైటు ఎప్పటి నుంచి లేదు, ఎప్పటికి బాగవుతుందని అంచనా. ఈ వివరాలు, ఫోన్ చేయాల్సిన నంబరు కలిపి ఒక కార్డు మీద రాసి ఫోన్ పక్కనే పెట్టండి. అవతల మాట్లాడిన వాళ్ల పేరు, నోటామ్ నంబరు అడిగి లాగ్‌లో రాయండి. నోటామ్‌కి గడువు ఉంటుంది, ఈలోగా లైటు బాగవకపోతే పొడిగించమని అడగాల్సింది మీరే. గడువు తేదీని క్యాలెండర్ మీద వేయండి.

చాలామంది ఈ ఫోన్ చేయడానికి వెనకాడతారు, మన తప్పు బయటపడుతుందేమోనని. పాడైన లైటు తప్పు కాదు, బల్బు ఎప్పటికైనా పోతుంది. చెప్పకపోవడమే తప్పు.

ఎక్కకుండానే కింద కనిపెట్టగలిగింది కనిపెట్టండి

మరమ్మతుకి మనిషిని పైకి పంపే ముందు కింద ఒక గంట గడపడం ఎప్పుడూ దండగ కాదు. అన్నీ బాగున్న రోజున ఒక్కో సర్క్యూట్ కరెంటు క్లాంప్ మీటర్‌తో కొలిచి రాసిపెట్టుకుని ఉంటే ఇప్పుడు అది బంగారం. ఒక ఎత్తులో లైట్లన్నీ పోయి పైన ఉన్నవి వెలుగుతుంటే తప్పు ఆ ఎత్తు దగ్గరి జంక్షన్ బాక్స్‌లోనో ఆ వరస సర్క్యూట్‌లోనో ఉంటుంది. ఒక ఎత్తు నుంచి పైకి అన్నీ పోతే అక్కడ కేబుల్ తెగి ఉండొచ్చు. వాన పడిన రాత్రి పోయి ఎండకి తిరిగి వస్తే నీళ్లే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. పిడుగు తర్వాత పోతే ముందు సర్జ్ అరెస్టర్లు (ఒక్కసారిగా వచ్చే అధిక వోల్టేజ్‌ని అడ్డుకునేవి) చూడండి, కంట్రోలర్ లోపల రంగు మారిన చిన్న బిళ్లలాంటిది కనిపిస్తే అదే తన పని చేసి పోయింది.

నీళ్ల గురించి ఒక్క మాట. ఒక జంక్షన్ బాక్స్ మూత తీస్తే లోపల నుంచి చెంబుడు నీళ్లు కారడం చూశాను. పైమూత చెక్కుచెదరలేదు, రబ్బరు గాస్కెట్ కూడా బాగానే ఉంది. నీళ్లు వచ్చింది కేబుల్ వెంట, పైనుంచి జారుకుంటూ గ్లాండ్ (బాక్స్‌లోకి కేబుల్ దూరే చోటి బిగింపు) లోపలికి. కేబుల్ బాక్స్‌లోకి పైవైపు నుంచి దిగేది, అడుగున నీళ్లు పోయే రంధ్రాన్ని ఎవరో జాగ్రత్త అనుకుని సిలికాన్‌తో మూసేశారు. కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి అడుగు నుంచి లోపలికి వెళ్లాలి, వంపు దగ్గర నీటి చుక్క రాలిపోతుంది. అడుగున రంధ్రం తెరిచే ఉండాలి. మూయాల్సింది పైభాగం.

మీది ఏఎం మాస్ట్ అయితే ఇది ముందు చదవండి

మీడియం వేవ్ స్టేషన్లలో చాలాచోట్ల టవరే యాంటెన్నా. మొత్తం ఇనుమంతా పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది, ట్రాన్స్‌మిటర్ నడుస్తుంటే మాస్ట్ మొదట్లో వేల వోల్టులు ఉండొచ్చు. నేల మీద నిలబడి మాస్ట్‌ని తాకితే ఆ కరెంటుకి దారి మీరే. ఫెన్స్ తాళం ఊరికే వేయలేదు.

మరి నేలమీది కరెంటు ఆ ఇన్సులేటర్ దాటి పైలైట్లకు ఎలా వెళ్తుంది? చాలా మాస్టుల దగ్గర రెండు పెద్ద ఉంగరాలు గొలుసు లింకుల్లా ఒకదానిలోంచి ఒకటి దూరి, ఎక్కడా తగలకుండా ఉండటం చూస్తారు. అది ఆస్టిన్ రింగ్ ట్రాన్స్‌ఫార్మర్, అమెరికా ఇంజనీరు ఆర్థర్ ఆస్టిన్ పేరు మీద వచ్చింది. ఒక ఉంగరం నేల వైపుది, ఇంకొకటి మాస్ట్ వైపుది, మధ్యలో గాలి. లైట్లకు కావాల్సిన మామూలు కరెంటు అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, రేడియో కరెంటుకి మాత్రం ఆ గాలి ఖాళీ అడ్డు. కొన్నిచోట్ల దీని బదులు పెద్ద చోక్ కాయిల్స్ ఉంటాయి. ఉంగరాల మధ్య సాలెగూడు, తీగ మొక్క, పురుగుల గూడు లాంటివి ఉంటే అక్కడ నిప్పురవ్వ కొడుతుంది. వాటిని తీయాలి, కానీ ట్రాన్స్‌మిటర్ ఆపించి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేసి, మాస్ట్‌ని ఎర్త్ చేశాకే.

ఏఎం మాస్ట్ మీద ఎల్‌ఈడీ పెడితే రేడియో సిగ్నల్ దాని డ్రైవర్‌లోకి దూరే ప్రమాదం ఉంది. కార్యక్రమంలో మాట హెచ్చుతగ్గులకు తగ్గట్టు లైటు వణికితే కారణం అదే. అలాంటి చోట్లకని ఫిల్టర్లతో చేసిన లైట్లే తెప్పించుకోవాలి.

పైకి ఎక్కే పని

శిక్షణ లేనివాళ్లు ఎక్కకూడదు, శిక్షణ ఉన్నవాళ్లు ఒంటరిగా ఎక్కకూడదు, రాత్రి ఎక్కకూడదు, ఉరుము వినిపిస్తే ఎక్కకూడదు. కొక్కెం ఎప్పుడూ తగిలించే ఉండాలి, చేయి మార్చేటప్పుడు కూడా. ఎఫ్ఎం యాంటెన్నాల పక్కగా వెళ్లాలంటే పవర్ ఎంతకు తగ్గించాలో, ఆపాలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి, ఆ తరంగాలు కంటికి కనపడవు, చర్మానికి వేడి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

తెల్ల ఫ్లాష్‌లు పాత జెనాన్ ట్యూబ్ రకం అయితే ఇంకో ప్రమాదం. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజ్ నిలిచి ఉంటుంది. మూత మీద ఎన్ని నిమిషాలు ఆగమని రాసి ఉందో అన్నీ ఆగండి, ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూసి, డిశ్చార్జ్ కర్రతో షార్ట్ చేశాకే చేయి పెట్టండి.

ఎక్కిన మనిషి ఒక్క లైటే చూసి దిగకూడదు. దారిలో ఉన్న ప్రతి గ్లాండు, ప్రతి క్లాంపు, ఎండకి పగిలిన కేబుల్ పైతొడుగు ఫోటో తీయాలి. బల్బులు రెండు ఉండే బీకన్ అయితే ఒకటే మాడినా రెండూ మార్చండి, రెండోది కూడా అంతే వయసుది.

కొత్త లైట్లు కొనేటప్పుడు రెండు విషయాలు

మొదటిది హెలికాప్టర్ల సంగతి. రాత్రిపూట నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని ఎగిరే పైలట్లు ఉంటారు. ఎర్ర ఎల్‌ఈడీ వెలుగు 620, 630 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది, చాలా గాగుల్స్‌లో ఉండే ఫిల్టరు సుమారు 665 నానోమీటర్ల కన్నా చిన్న తరంగాలను ఆపేస్తుంది. మామూలు కంటికి భగ్గుమని కనిపించే లైటు ఆ గాగుల్స్‌లో అసలు లేనట్టే ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బుకి ఈ సమస్య లేదు, అది వేడితో పాటు పరారుణ కాంతిని కూడా బోలెడు చిమ్మేది. అందుకే ఇప్పుడు ఎర్ర ఎల్‌ఈడీల పక్కన పరారుణ ఎల్‌ఈడీలు కూడా పెట్టిన బీకన్లు వస్తున్నాయి. కొనేటప్పుడు అడిగి తీసుకోండి. వాటిని మన కన్ను చూడలేదు కాబట్టి తనిఖీకి పరారుణం పట్టే కెమెరా కూడా దగ్గర ఉంచుకోవాలి.

రెండోది పక్షులు. వలస పక్షులు రాత్రిపూట ఎగురుతాయి. మబ్బు పట్టిన రాత్రి నిలకడగా వెలిగే ఎర్ర లైట్ల దగ్గరికి వచ్చి ఆ వెలుగు చుట్టూనే తిరుగుతూ టవర్‌ని నిలబెట్టే గై వైర్లకు కొట్టుకుని చనిపోతాయి. అమెరికా, కెనడాల్లో కమ్యూనికేషన్ టవర్ల వల్ల ఏడాదికి సుమారు 68 లక్షల పక్షులు పోతున్నాయని 2012లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మిషిగన్ రాష్ట్రంలో టవర్ల కింద పడిన పక్షులను లెక్కపెట్టిన పరిశోధకులు, నిలకడ లైట్లు తీసేసి ఫ్లాష్‌లు మాత్రమే ఉంచితే మరణాలు 50 నుంచి 71 శాతం దాకా తగ్గవచ్చని 2009లో రాశారు. ఎఫ్ఏఏ 2015లో ప్రమాణాలు మార్చి మధ్య వరసల్లో కూడా ఫ్లాష్ అయ్యే లైట్లను తెచ్చింది. పైలట్‌కి నష్టం లేదు, కరెంటు తగ్గుతుంది, పక్షులు బతుకుతాయి. మీ దేశపు నియమం ఒప్పుకుంటే మార్చేయండి, అనుమతి లేకుండా మాత్రం మీ అంతట మీరు నిలకడ లైటు ఆపకండి.

బాగయ్యాక

లైటు వెలగగానే పని అయిపోయిందనుకుంటాం. ఇంకా ఉంది. చీకటి పడ్డాక మూడు వైపుల నుంచి చూడండి, నిమిషం లెక్కపెట్టండి, సింక్ చూడండి. కొత్త కరెంటు రీడింగ్ రాయండి. మెయిన్స్ ఆపి జనరేటర్ మీదో బ్యాటరీ మీదో లైట్లు నడుస్తున్నాయో లేదో చూడండి, ప్రసారం ఆగిన రాత్రి కూడా టవర్ అక్కడే నిలబడి ఉంటుంది కదా. తర్వాత మళ్లీ ఫోన్ చేసి నోటామ్ రద్దు చేయించండి. బాగైన లైటుకి నోటామ్ అలాగే ఉంటే పైలట్లు అలాంటి నోటీసులను పట్టించుకోవడం మానేస్తారు.

లాగ్‌లో రాసేది ఇలా ఉండాలి: '02:10, ఉత్తరం, ఆగ్నేయం, పడమర నుంచి చూశాను. కొస బీకన్ నిమిషానికి 30, మధ్య బీకన్ దానితో కలిసి, పక్క లైట్లు ఆరు వెలుగుతున్నాయి. ఆకాశం స్పష్టం.' 'ఓకే' అన్న ఒక్క మాట ఏమీ చెప్పదు.

మర్నాటి రాత్రి, ఆ మర్నాటి రాత్రి మళ్లీ అదే లైటుని ప్రత్యేకంగా చూడండి. తడి వల్ల పోయినవి మొదటి రాత్రి బాగానే వెలిగి, రెండో రాత్రో మూడో రాత్రో మంచు కురిసే వేళకి మళ్లీ పోవడం నేను చాలాసార్లు చూశాను.